మూసేశాం సరే, ఆ పని ఇప్పుడెవరు చేస్తున్నారు?

పోయిన నెల మా మేనకోడలు ఒక ఫోటో పంపింది. చేతిలో అట్టముక్క, దాని మీద ఎర్ర రంగుతో "బొగ్గు, చమురు, గ్యాస్... ఇప్పుడే ఆపండి" అని రాసుంది. వెనకాల ఇంకో వందమంది పిల్లలు. చూస్తే ముచ్చటేసింది, ఆ మాటే చెప్పాను. అక్కడితో ఊరుకుంటే పోయేది. నోరు ఊరుకోదు కదా, "ఇప్పుడే అంటే ఎప్పుడమ్మా, ఇవాళ సాయంత్రమా?" అని ఇంకో మెసేజ్ పెట్టాను. "మావయ్యా, నువ్వు ఆయిల్ కంపెనీల మనిషివని నాకు తెలీదే" అని జవాబొచ్చింది. పక్కన నవ్వే బొమ్మ పెట్టింది గానీ, ఆ మాట నన్ను రెండు మూడు రోజులు వదల్లేదు. ఫోన్లో తనకి సరిగ్గా చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆయిల్ కంపెనీలో ఎప్పుడూ పనిచేయలేదు. ఆరేళ్లు సిమెంటు ఫ్యాక్టరీలో చేశాను, కిల్న్ సెక్షన్‌లో. కిల్న్ అంటే పడుకోబెట్టిన పెద్ద ఉక్కు గొట్టం అనుకోండి, అరవై డెబ్భై మీటర్ల పొడవు, లోపలంతా వేడికి తట్టుకునే ఇటుకలు, కాస్త వాలుగా పెట్టి నెమ్మదిగా తిప్పుతూ ఉంటారు. పై చివర సున్నపురాయి పొడి పడుతుంది, కింది చివర బొగ్గు పొడి మంట. లోపల సరుకు 1450 డిగ్రీల దాకా కాలి, నల్లటి గోళీల్లా క్లింకర్ అయి బయటికొస్తుంది. దాన్ని కాస్త జిప్సం కలిపి నూరితే సిమెంటు. ఒకసారి నైట్ డ్యూటీలో ఫ్యాక్టరీ మొత్తానికి కరెంటు పోయింది, మంట ఆరింది. అలాంటప్పుడు అందరూ పరిగెత్తేది కిల్న్ పక్కనుండే చిన్న డీజిల్ ఇంజన్ దగ్గరికే. ఎర్రగా కాలిన గొట్టాన్ని కదపకుండా వదిలేస్తే తన బరువుకి తనే వంగిపోతుంది, ఒకసారి వంగిందంటే ఇక దాని కథ అంతే. ఆ రాత్రి ఇంజన్ రెండుసార్లు మొరాయించి మూడోసారికి అందుకుంది. ఆ కాసేపట్లో నాకు పట్టిన చెమట ఇప్పటికీ గుర్తు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "ఆపండి" అనే మాట వినగానే నాకు మొదట ఆ ఇంజన్ చప్పుడు గుర్తొస్తుంది. కొన్నిటిని స్విచ్ నొక్కి ఆపడం కుదరదు. ఇంకో సంగతి, ఆ కిల్న్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 60 శాతం బొగ్గుది కాదు, సున్నపురాయిది. రాయిని కాలిస్తే సున్నం మిగులుతుంది, అందులో ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, అది రసాయనం. రేపు దేవుడే దిగొచ్చి బొగ్గు బదులు సూర్యుడి వేడిని కిల్న్‌లోకి పంపినా ఆ 60 శాతం అలాగే ఉంటుంది. ప్రపంచం ఏటా దాదాపు 400 కోట్ల టన్నుల సిమెంటు వాడుతోంది. మనుషులు వెలువరించే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం దీని నుంచే. ఇన్నేళ్లలో ఎన్నో నినాదాలు చదివాను, ఒక్కదాంట్లోనూ సున్నపురాయి పేరు కనపడలేదు.

ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే కొందరు నన్ను తమ గుంపులో కలిపేసుకుంటారు. భూమి వేడెక్కుతోంది, దానికి కారణం మనమే. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. కార్బన్ డయాక్సైడ్ వేడిని పట్టి ఉంచుతుందని జాన్ టిండాల్ 1859లోనే ప్రయోగం చేసి చూపించాడు. అది గాల్లో పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వాంటే అర్హీనియస్ కాగితం మీద లెక్కగట్టాడు. చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు గాల్లో పదిలక్షల వంతులకు 315 వంతులున్న ఆ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఎక్సాన్ అనే చమురు కంపెనీ సొంత సైంటిస్టులే 1970ల్లో, 80ల్లో ఈ లెక్కలు వేసుకున్నారు, అవి చాలావరకు నిజమయ్యాయి కూడా. తెలిసుండీ ఆ కంపెనీ తర్వాత జనంలో అనుమానాలు నాటడానికి డబ్బు పోసింది. వాళ్లని వెనకేసుకొచ్చే పని నాకు లేదు.

నా పేచీ సైన్సుతో కాదు, దాని పేరు మీద నడిచే ఉద్యమం వేసే లెక్కతో. ఏది మూయించాం, ఏ ప్రాజెక్టు ఆపించాం, ఏ బ్యాంకు చేత అప్పు మాన్పించాం అన్నదే వాళ్లకి లెక్క. మూసిన దాని పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, ఏం తగలబెట్టి చేస్తున్నారు అని అడిగే అలవాటు లేదు. అడిగితే ఆయిల్ కంపెనీల మనిషి అయిపోతాం.

బ్రిటన్‌నే చూడండి. 2024 సెప్టెంబరు 30న అక్కడ చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడింది, రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ అని దాని పేరు. 1882లో లండన్‌లో మొదలైన బొగ్గు కరెంటు 142 ఏళ్లకి ముగిసింది. నిజంగా గొప్ప విషయమే, నేనూ సంతోషించాను. 2012లో కూడా ఆ దేశపు కరెంటులో 40 శాతం దాకా బొగ్గు నుంచే వచ్చేది. పన్నెండేళ్లలో సముద్రంలో గాలిమరలు పెట్టారు, గ్యాస్ ఉంది, పక్క దేశాల నుంచి కేబుళ్లు వేసుకున్నారు. బొగ్గు చేసే పని వేరేవాళ్ల చేతికి వెళ్లాక దాన్ని సాగనంపారు. మూసిన రోజు ఒక్క ఇంట్లో కూడా లైటు ఆరలేదు.

సరిగ్గా అదే రోజు, అదే సెప్టెంబరు 30న, వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేసు, అంటే ఉక్కు కోసం ఖనిజాన్ని బొగ్గుతో కరిగించి ఇనుము తీసే పెద్ద కొలిమి కూడా ఆరిపోయింది. దాని బదులు తుక్కు ఇనుమును కరెంటుతో కరిగించే ఆర్క్ ఫర్నేసు పెడతామన్నారు, అది తయారవడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఈలోపు ఉక్కు వాడకం ఆగుతుందా? బయటి దేశాల నుంచి దిమ్మలు తెచ్చుకుంటున్నారు, ఆ దిమ్మల వెనక బొగ్గు వేరే దేశం లెక్కలో పడుతుంది. బ్రిటన్ పుస్తకాల్లో మాత్రం ఉద్గారాలు తగ్గినట్టు కనిపిస్తాయి. ప్రపంచంలో ఏటా తయారయ్యే సుమారు 190 కోట్ల టన్నుల ఉక్కులో 70 శాతం ఇప్పటికీ బ్లాస్ట్ ఫర్నేసు దారిలోనే వస్తోంది. ఇనుప ఖనిజంలోంచి ఆక్సిజన్‌ని లాగేయడానికి కోకింగ్ బొగ్గు కావాలి. అక్కడ బొగ్గు వేడి కోసం మాత్రమే కాదు, రసాయన చర్యలోనే భాగం.

తమాషా ఆ తర్వాత జరిగింది. ఆర్నెల్లు తిరిగి 2025 ఏప్రిల్ 12 వచ్చింది, శనివారం. సెలవుల్లో ఉన్న పార్లమెంటు సభ్యుల్ని పిలిపించి బ్రిటన్ ప్రభుత్వం ఒక్కరోజులో ఒక చట్టం చేసింది. దేనికయ్యా అంటే స్కన్‌థార్ప్ ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలిన చివరి రెండు బ్లాస్ట్ ఫర్నేసులు ఆరిపోకుండా చూడ్డానికి. అవి ఒకసారి చల్లారితే లోపలి లోహం గడ్డకట్టి మళ్లీ వెలిగించడం దాదాపు అసాధ్యం. ఓడల్లో వస్తున్న కోకింగ్ బొగ్గు చేరుతుందా లేదా అని మంత్రులు టెన్షన్ పడ్డారు. వాతావరణ లక్ష్యాన్ని చట్టంలో రాసుకున్న మొదటి దేశాల్లో బ్రిటన్ ఒకటి. అలాంటి దేశం బొగ్గు మంట ఆరకూడదని శనివారం పూట చట్టం చేసింది! ఆ వార్త చదువుతుంటే నాకు మా డీజిల్ ఇంజనే కళ్లముందు మెదిలింది.

జర్మనీ కథ ఇంతకంటే చిత్రం, ఎందుకంటే అక్కడ ఒకే రాజకీయం ఒక మంచీ ఒక చెడూ చేసింది. 2000లో గ్రీన్స్ అనే పర్యావరణ పార్టీ భాగస్వామిగా ఉన్న ప్రభుత్వం తెచ్చిన చట్టంతో, సోలార్ కరెంటు అమ్మేవాళ్లకి ఇరవై ఏళ్లపాటు ఇంత ధర ఇస్తామని గ్యారంటీ ఇచ్చారు. జర్మనీ జనం ఖరీదైన కరెంటు బిల్లులు కట్టి ఆ మార్కెట్‌ని పెంచారు, చైనా ఫ్యాక్టరీలు ఆ గిరాకీని చూసుకుని పెరిగాయి, 2010 నుంచి పదేళ్లలో ప్యానెళ్ల ధర దాదాపు 90 శాతం పడిపోయింది. ఉద్యమం ఏం సాధించిందని ఎవరైనా అడిగితే నేనైతే ముందు దీన్ని చూపిస్తాను. అదే రాజకీయం అణు విద్యుత్తు మీద పగబట్టింది కూడా. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత 2011లో వేరే ప్రభుత్వం మూసివేతని తొందర చేసింది, 2023 ఏప్రిల్ 15న చివరి మూడు రియాక్టర్లనీ ఆపేశారు. అంతకు ముందు ఏడాది, అంటే రష్యా గ్యాస్ ఆగిపోయిన 2022లో, పక్కన పెట్టిన బొగ్గు ప్లాంట్లని మళ్లీ వెలిగించారు. ఆ ఏడాది జర్మనీ కరెంటులో మూడో వంతు బొగ్గుదే. 2023 జనవరిలో లిగ్నైట్ అనే నాసిరకం బొగ్గు గని కోసం ల్యుట్జెరాట్ అనే పల్లెని ఖాళీ చేయించారు, గ్రెటా థున్‌బర్గ్‌ని పోలీసులు బురదలోంచి ఎత్తుకుపోయిన ఫోటోలు అక్కడివే. కార్బన్ వదలని రియాక్టర్లు సిద్ధంగా ఉండి, మూడు నెలల్లో మూతపడబోతున్న దేశంలో బొగ్గు గని ముందు ధర్నా! ఆ తర్వాత గాలి, సౌర విద్యుత్తు పెరిగి అక్కడ బొగ్గు వాడకం బాగా తగ్గింది, కాదనను. రియాక్టర్లు కూడా ఉండుంటే ఇంకెంత తగ్గేదో కదా.

ఇక పేద దేశాల సంగతికొస్తే నాకు కొంచెం కోపం వస్తుంది, ముందే చెప్తున్నా. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ముప్పైకి పైగా దేశాలూ సంస్థలూ కలిసి, బయటి దేశాల్లో బొగ్గు, చమురు, గ్యాస్ ప్రాజెక్టులకి ప్రభుత్వ డబ్బు పెట్టడం మరుసటి ఏడాది చివరికల్లా మానేస్తామని సంతకాలు చేశాయి. జర్మనీ కూడా చేసింది. ఉద్యమకారులు చప్పట్లు కొట్టారు. ఆర్నెల్లు తిరగ్గానే, 2022 మేలో, అదే జర్మనీ ఛాన్సలర్ ఓలాఫ్ షోల్జ్ సెనెగల్ వెళ్లి మీ గ్యాస్ మీద మాకు ఆసక్తి ఉందన్నాడు. డిసెంబరుకల్లా విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో గ్యాస్ దించుకునే తేలియాడే టెర్మినల్ రెడీ, దాదాపు 200 రోజుల్లో కట్టేశారు. అవసరం వస్తే ఎంత చకచకా కడతారో చూడండి. అంటే ఆఫ్రికా గ్యాస్‌తో ఆఫ్రికావాళ్లు కరెంటు చేసుకుంటామంటే అప్పు పుట్టదు, అదే గ్యాస్ ఓడెక్కి యూరప్ వస్తానంటే ఎర్ర తివాచీ.

ఆ ఏడాదే యూరప్ ఎంత ధరైనా పెట్టి గ్యాస్ ఓడల్ని కొనేస్తుంటే పాకిస్తాన్ జులైలో పిలిచిన టెండరుకి ఒక్క బిడ్డు కూడా రాలేదు. బంగ్లాదేశ్ ఆ ధరలు భరించలేక బయటి మార్కెట్లో కొనడమే మానేసింది. రెండు చోట్లా గంటల తరబడి కరెంటు కోతలు. 2023 ఫిబ్రవరిలో పాకిస్తాన్ మంత్రి ఇక గ్యాస్ ప్లాంట్లు కట్టం, సొంత బొగ్గుతో చేసే కరెంటును నాలుగింతలు చేస్తాం అన్నాడు. పర్యావరణానికి ఇదేనా మేలు అనుకుంటుండగా ఎవరూ ఊహించనిది జరిగింది. 2024లో ఆ దేశం ఏకంగా 17 గిగావాట్ల దాకా సోలార్ ప్యానెళ్లు దిగుమతి చేసుకుంది. ఇళ్లవాళ్లు, రైతులు, ఫ్యాక్టరీల వాళ్లు ఎవరికి వాళ్లు కొని పైకప్పుల మీద బిగించుకున్నారు. ఎవరూ ధర్నా చేయలేదు, రోడ్డుకి జిగురు పెట్టి అతుక్కోలేదు. గ్రిడ్ కరెంటు కంటే ప్యానెల్ చవకైంది, కొనుక్కున్నారు, అంతే. మూసెయ్యండి అన్నచోట బొగ్గు మాట వినిపించింది, ఇదిగో చవకైంది అన్నచోట బొగ్గుకి గిరాకీ తగ్గింది. మా మేనకోడలికి నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఈ ఒక్క దేశం కథలోనే ఉంది.

పొయ్యి సంగతి కూడా చెప్పాలి. ప్రపంచంలో 200 కోట్లకి పైగా జనం ఇప్పటికీ కట్టెలు, పిడకలు, బొగ్గుల మీదే వండుకుంటున్నారు. ఇంట్లో ఆ పొగ వల్ల ఏటా దాదాపు 30 లక్షల ప్రాణాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, చనిపోయేవాళ్లలో లక్షలమంది ఐదేళ్లలోపు పిల్లలు. వాళ్లలో చాలామందికి ఇవాళ అందుబాటులోకి రాగల మెరుగైన పొయ్యి ఎల్‌పీజీ. అదీ శిలాజ ఇంధనమే. కట్టెలు కాల్చడం "సహజం", సిలిండర్ "పాపం" అనేవాళ్లని ఒక్క వారం ఆ పొయ్యి ముందు కూర్చోబెట్టాలనిపిస్తుంది. కరెంటు పొయ్యి ఇంకా మంచిదే, ఒప్పుకుంటాను, కానీ అది పనిచేయాలంటే వంటవేళకి కరెంటుండాలి కదా.

తుపానుల మాటెత్తినప్పుడల్లా నాకు 1970 భోలా తుపాను గుర్తొస్తుంది. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, కనీసం 3 లక్షలమంది చనిపోయారు. 2020లో అంఫాన్ తుపాను వచ్చినప్పుడు అదే బంగ్లాదేశ్‌లో పోయిన ప్రాణాలు పదుల్లోనే. వాతావరణం దయతలచి కాదు. ముందుగా హెచ్చరికలొచ్చాయి, 20 లక్షలకి పైగా జనాన్ని తరలించారు, కాంక్రీటు షెల్టర్లున్నాయి. ఆ కాంక్రీటులో మాలాంటి కిల్న్ మంటే ఉంది, ఆ తరలింపు వెనక డీజిలుంది. వేడి పెరిగి తుపాన్లు ముదిరే కొద్దీ మనకి ఇలాంటివి ఇంకా ఎక్కువ కావాలి గానీ తక్కువ కాదు. వాటిని డీజిల్ లేకుండా, బొగ్గు లేకుండా చేసే దారి దొరికిన రోజున అందరికంటే ముందు నేనే చప్పట్లు కొడతాను.

భయపెట్టడం గురించి రెండు ముక్కలు. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో హిమాలయ హిమానీనదాలు 2035కల్లా మాయమయ్యే అవకాశముందని రాశారు, 2010 జనవరిలో అది తప్పని వాళ్లే ఒప్పుకున్నారు. అమెరికాలో గ్లేసియర్ నేషనల్ పార్కులో 2020కల్లా హిమానీనదాలు ఉండవని బోర్డులు పెట్టి, ఆ ఏడాది వచ్చేసరికి బోర్డులే మార్చుకున్నారు. రెండు చోట్లా మంచు నిజంగానే కరుగుతోంది, అది వేరే సంగతి. కానీ తేదీ చెప్పి భయపెడితే ఆ తేదీ ఎలాగూ వస్తుంది, అప్పుడు ఎగతాళి చేసేవాడికి పండగ. "పన్నెండేళ్లే ఉంది" అని విన్న కుర్రాడికి దిగులు పట్టుకుంటుంది, వాళ్ల నాన్నకి నవ్వొస్తుంది, వాళ్లిద్దరిలో ఎవరికీ కిల్న్ గురించి ఒక్క ముక్క తెలీదు.

సూప్ పోసేవాళ్ల గురించి అందరూ తిట్టేశారు కాబట్టి నేను మళ్లీ తిట్టను. 2022 అక్టోబరులో లండన్‌లో వాన్ గో పొద్దుతిరుగుడు పూల బొమ్మ మీద టమాటా సూప్ పోశారు, అద్దం ఉండబట్టి బొమ్మకేం కాలేదు. నాకు దానికంటే 2019 అక్టోబరు నాటి వీడియో ఎక్కువ గుర్తుండిపోయింది. తూర్పు లండన్ కానింగ్ టౌన్ స్టేషన్‌లో పొద్దున్నే పనులకి వెళ్లేవాళ్ల రైలు మీదెక్కి కొందరు బ్యానర్ పట్టుకుంటే, ప్లాట్‌ఫారం మీద జనం వాళ్లని కాళ్లు పట్టి కిందికి లాగేశారు. కొట్టడం తప్పే. కానీ కరెంటుతో నడిచే రైలును ఆపడమేంటయ్యా బాబూ, దాన్నే కదా ఎక్కమంటున్నారు! అంతకు ముందు ఏడాది ఫ్రాన్స్‌లో డీజిల్ మీద పన్ను పెంచబోతే పసుపు చొక్కాల వాళ్లు రోడ్లెక్కారు. మీరు లోకం అంతం గురించి మాట్లాడుతున్నారు, మేం నెలాఖరు గురించి మాట్లాడుతున్నాం అన్నారు. డిసెంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఊళ్లో బస్సు లేనివాడి దగ్గర డీజిల్ పన్ను వసూలు చేస్తే వాడు బస్సెక్కడు, రోడ్డెక్కుతాడు.

ఎరువుల గురించి రాయడం మొదలుపెడితే ఇంకో ఇంత అవుతుంది కాబట్టి క్లుప్తంగా: గాల్లో నైట్రోజన్‌ని అమ్మోనియాగా మార్చే హేబర్-బాష్ పద్ధతి 1913 నుంచి ఫ్యాక్టరీల్లో నడుస్తోంది, దానికి కావలసిన హైడ్రోజన్ ఎక్కువగా సహజవాయువు నుంచి వస్తుంది, ప్రపంచ జనాభాలో సగంమంది తిండి దాని మీదే నిలబడి ఉంది. 2021లో శ్రీలంక రసాయన ఎరువులు ఒక్కసారిగా నిషేధించి, వరి దిగుబడి పడిపోయి, ఏడాది తిరక్కముందే నిషేధం ఎత్తేసింది. అది వాతావరణ ఉద్యమం చేసిన పని కాదు, కానీ "ఇప్పుడే ఆపండి" అనే మాటని ఒక దేశం నిజంగా అమలుచేస్తే ఎలా ఉంటుందో అక్కడ కనిపించింది.

విమానాల సంగతి ఇంకా సింపుల్. కిలో విమాన ఇంధనంలో దాదాపు 12 యూనిట్ల శక్తి ఉంటుంది, కిలో బ్యాటరీలో పావు యూనిట్. కారు బరువు కాస్త పెరిగినా నడుస్తుంది కాబట్టి బ్యాటరీ కారు గెలుస్తోంది, సముద్రాలు దాటే విమానానికి ఆ వెసులుబాటు లేదు. ఇన్ని సదస్సుల తర్వాత కూడా ప్రపంచ శక్తిలో 80 శాతం దాకా శిలాజ ఇంధనాలదే. బొగ్గు వాడకం 2024లో దాదాపు 880 కోట్ల టన్నులకి చేరి రికార్డు కొట్టింది. 2023లో దుబాయ్ సదస్సులో మొదటిసారి శిలాజ ఇంధనాల నుంచి "మళ్లుదాం" అనే మాట ఒప్పందంలోకెక్కింది. ఆ ఒక్క మాట కోసం దాదాపు ముప్పై ఏళ్ల సదస్సులు పట్టాయి. ఆ ముప్పై ఏళ్ల పట్టుదలలో సగం క్లింకర్ మీద, అమ్మోనియా మీద, ఉక్కు మీద పెట్టుంటే ఎక్కడుండేవాళ్లమో అని మాత్రం అనిపిస్తుంది.

ఇదంతా పోయిన ఆదివారం మా మేనకోడలికి ఫోన్లో కొంచెం కొంచెం చెప్పాను. జర్మనీ దగ్గర ఒప్పుకోలేదు, అణు వ్యర్థాల గురించి చాలాసేపు వాదించింది. పొయ్యిల దగ్గర మాత్రం మెత్తబడింది. సున్నపురాయి సంగతి తనకి అసలు తెలీదట, "అయితే దానికేం చేస్తారు?" అని అడిగింది. ఆ పొగని పట్టి భూమిలో దాచే ప్రయత్నాలున్నాయని, సున్నం తక్కువ పట్టే సిమెంట్లు ఉన్నాయని, క్లింకర్ బదులు కొంత ఫ్లై యాష్ కలుపుతారని చెప్పాను. ఫ్లై యాష్ అంటే ఏంటని అడిగింది. బొగ్గు కరెంటు ప్లాంటులో మిగిలే బూడిద అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఒకటే నవ్వు.

"సరే, నువ్వే ప్లకార్డు పట్టుకుంటే దాని మీద ఏం రాస్తావు?" అంది.

"క్లింకర్‌కి దారి చూపించండి" అని రాస్తానన్నాను.

"ఒక్కళ్లకీ అర్థం కాదు మావయ్యా" అంది. నిజమే. వచ్చే నెల మళ్లీ ఏదో ర్యాలీ ఉందట, రెండో వైపు ఖాళీగా ఉంటే రాయిస్తానంది.